పోయేటప్పుడు అరవై నాలుగు బారలు

కెమెరా కొనుక్కొని ఊళ్ళు తిరుగుతూ బతుకుదామనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఏ కెమెరా కొనాలి? నువ్వెందుకు మానేశావు? మొదటిదానికి జవాబు ఏడాదికోసారి మారుతుంది కాబట్టి చెప్పను. రెండోదానికి జవాబు ఒక తడి తువ్వాలుతో మొదలవుతుంది.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళకు సాధారణంగా జుట్టు నెరిసి ఉంటుంది. నాకింకా ముప్పై రెండే. ఎలక్ట్రానిక్స్ చదివాను. అనంతపురంలో ఒక టూర్ల కంపెనీలో నాలుగేళ్ళు ఫోటోగ్రాఫర్‌గా పనిచేశాను. ఇప్పుడు సోలార్ ప్లాంటులో కొలతలు రాసుకునే పని. ఎండ అప్పుడూ నాతోనే ఉండేది, ఇప్పుడూ ఉంది. అప్పుడు దాన్ని తప్పించుకునేవాణ్ణి, ఇప్పుడు లెక్కగడుతున్నాను.

మా కంపెనీ పని సముద్రం చూడని వాళ్ళకు సముద్రం చూపించడం. మా జిల్లాలో అలాంటివాళ్ళకు కొదవ లేదు. విత్తనాల దుకాణాలు, డ్రిప్పు పైపుల డీలర్లు తమ దగ్గర సరుకు కొన్న రైతుల్ని టూరు పంపేవారు. ప్రతి గుంపుతో ఒక బ్యానరు వచ్చేది. ఎక్కడికి పోయినా ఆ బ్యానరు పట్టుకొని అందరూ నిలబడాలి, నేను ఫోటో తీయాలి, సాయంత్రానికల్లా డీలరుకు పంపాలి. వెనక నీలం సముద్రం ఉన్నా, జలపాతం ఉన్నా, ఫోటోలో స్పష్టంగా ఉండాల్సింది మాత్రం పైపుల బొమ్మ.

నేను జాబితాలు లేకుండా పనిచేయలేను. ప్రతి టూరుకూ ముందు ఒక కాగితం రాసుకునేవాణ్ణి. ఏ దీవిలో, ఏ సమయానికి, వెలుతురు ఎటునుంచి, ఏ ఫోటో. నాలుగో సంవత్సరం శనక్కాయ పీకడాలు అయిపోయాక అండమాన్ పోయిన గుంపుకు రాసుకున్న జాబితాలో ముప్పై ఎనిమిది అంశాలున్నాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. టూరు మొదలయ్యాక చేర్చిన ముప్పై ఎనిమిదో అంశం ఇది: "అత్త ఈత, సమయం ఉంటే."

ఆ చివరి రెండు మాటల గురించే ఈ కథంతా.

గుంపులో ఇరవై ఇద్దరు. అందరూ మడకశిర చుట్టుపక్కలవాళ్ళు. సగం మంది తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవారు. అందులో ఒక జంట. ఆయనకు అరవై ఐదుంటాయి, రెండెకరాల మల్బరీ, కొన్ని గొర్రెలు. ఆమె ఆయనకంటే కొంచెం చిన్న. బెంగళూరులో విమానం ఎక్కేలోపే ఆయన నన్ను "అల్లుడా" అనడం మొదలుపెట్టాడు కాబట్టి నేను మామా, అత్తా అన్నాను.

మొదటి రోజు పడవ మీద ఆయన సముద్రాన్ని అరచేతిలోకి తీసుకొని రుచి చూశాడు.

"థూ! ఇదేం బోరప్పా!" అన్నాడు. "ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక ఎకరా తడిపేకి పనికిరావు. ఎవడు ఏసినాడో గాని తప్పు పాయింటు ఏసినాడు."

పడవంతా నవ్వింది. అత్త నవ్వలేదు. కమ్మీ పట్టుకొని కిందికి చూస్తోంది. అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్ళు.

"భయమా అత్తా?" అన్నాను.

"భయమేమప్పా. దిగల్లనుండాది."

ఆమెకు ఈత వచ్చు. పుట్టింటివాళ్ళ తోటలో పెద్ద రాతి బావి ఉండేదట. మునిగిపోకుండా వీపుకు బెండ్లు కట్టుకొని ఆరేళ్ళకు నేర్చుకుందట, పదేళ్ళకు గట్టు మీదనుంచి దూకేదట. చుట్టూ బోర్లు పడ్డాక ఆ బావి అడుగంటింది. ఆమె ఆఖరుసారి ఈదింది కూతురు పుట్టకముందు. ఇప్పుడా కూతురి కూతురు ఎనిమిదో తరగతి, అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకుంటోంది.

"ఆ పిల్ల నమ్మదప్పా," అంది అత్త. "అవ్వా నువ్వు గొప్పలు చెప్తావు, మనూర్లో ఈతకొట్టే నీళ్ళు యాడివి అంటాది. ఆ బాయి చూపిస్తామని తోడుకోని పోతిని. లోపలంతా కంపచెట్లు. దీంట్లో ఈదినావా అవ్వా అని పడీ పడీ నవ్వింది."

"నమ్మకపోతే ఏమైతుందత్తా?"

ఆమె నన్ను ఒకసారి చూసింది. "నేను చేసింది అదొగటే గదప్పా. వంట అందురూ చేస్తారు, పట్టుపురుగులకు ఆకు అందురూ ఏస్తారు. నీళ్ళల్లో నేను చేపనే. అది అబద్దమంటే ఎట్ల?"

మామ మధ్యలో అందుకున్నాడు. "నేను సాక్షి చెప్పినా నమ్మదు. నేను ఈమెను పెండ్లి చూపుల్లో చూడలేదప్పా. గొర్లకు నీళ్ళు తాపిద్దామని ఆ తోటకు పోయినా. ఈమె గట్టు మీదినుంచి దూకింది. గొర్లు నీళ్ళు తాగినాయో లేదో నాకు తెలీదు."

"సిగ్గు లేదు ఈయప్పకు," అంది ఆమె. కాని చెప్పకుండా ఆపలేదు.

ఫోటో తీస్తానని మాటిచ్చాను. "మొహం కనపడల్ల," అంది. "నేనేనని తెలియల్ల." సరేనన్నాను. జాబితా తీసి చివర రాసుకున్నాను. రాసుకున్నాను కదా, ఇక పని అయిపోయినట్టే అనిపించింది. జాబితాలు రాసేవాళ్ళకు ఉండే జబ్బు ఇది.

మూడో రోజు మూడో దీవి. దీవి అనడానికి కూడా లేదు, సముద్రం మధ్యలో తెల్లటి ఇసుక దిబ్బ. ఆటు సమయంలో బయటికొస్తుంది, పోటుకు మునిగిపోతుంది. పెద్ద పడవ దూరంగా ఆగుతుంది, అక్కణ్ణుంచి చిన్న పడవలో తీసుకెళ్ళి దింపుతారు. ముందురోజు ఒకాయన ఫోను నీళ్ళలో పడిపోయింది. అందుకని నేనే ఒక నియమం పెట్టాను. అందరి ఫోన్లూ మూత బిగించిన నీలం డ్రమ్ములో పెద్ద పడవ మీదే ఉండాలి, దిబ్బ మీద ఫోటోలన్నీ నేనే తీస్తాను. నా ఫోను, నా రెండో కెమెరా కూడా ఆ డ్రమ్ములోనే పెట్టాను. మా మేనేజరు వాంతులతో పెద్ద పడవలోనే పడుకున్నాడు, ఆయన ఫోను ఆయన తలకింద. నియమం ఎంత పక్కాగా అమలైందంటే, ఆ దిబ్బ మీద నా మెడలోని కెమెరా తప్ప బొమ్మ తీసే వస్తువు మరొకటి లేదు.

దిగగానే అత్త నా పక్కకు వచ్చింది. "ఇప్పుడు దిగమంటావా?"

"బ్యానరు వీడియో అయిపోనీ అత్తా. పది నిమిషాలు."

నలభై నిమిషాలు పట్టింది. గాలికి బ్యానరు తిరగబడుతుంది. సరిచేస్తే ఎవరో కళ్ళు మూస్తారు. అందరూ కలిసి జై కొట్టాలి, ఒకరు ముందు కొడతారు, ఒకరు ఆలస్యంగా కొడతారు. ఏడుసార్లు తీశాను. నడినెత్తిన ఎండ, కింద అద్దంలాంటి ఇసుక. ఏడోసారి అయిపోతుండగా కెమెరా తెర మీద ఎర్ర గుర్తు వచ్చింది. లోపల వేడెక్కిపోయింది, కాసేపు ఆపమని అర్థం. పది నిమిషాలు నీడలో పెడితే అదే సర్దుకుంటుంది. మా సంచుల మీద గొడుగు వాల్చి, దానికింద కెమెరా పెట్టి, అత్త ఈత సంగతి మాట్లాడదామని పడవాయన దగ్గరికి పోయాను.

పడవాయన శ్రీకాకుళం నుంచి వలసవచ్చినవాళ్ళ మనిషి. అండమాన్‌లోనే పుట్టాడట, కాని మాట మారలేదు.

"అమ్మగారు ఈత కొడతారేటి?" అని ఆశ్చర్యపోయాడు. "అనంతపురం వోళ్ళకి ఈతేటి బాబూ?"

"వచ్చంట."

"మరి కొట్టమనండి. అదిగో ఆ తాడు, దాని చివర తేలతన్న పసుపు బుంగ కనపడతందా? అక్కడిదాకా నాకేటీ అభ్యంతరం నేదు. నాను పడవేసుకుని పక్కనే ఉంటాను. అరగంటే బాబూ, ఆ తరవాత నీరు ఎక్కేస్తది."

తిరిగి వచ్చేసరికి నా కెమెరా తడి తువ్వాలులో ఉంది.

తడి తువ్వాలు పక్కన కాదు, లోపల. పసిబిడ్డకు నీళ్ళు పోసి చుట్టినట్టు, నాలుగు వైపులా మడిచి, పైన చిన్న ముడి వేసి ఉంది. పక్కన మామ గొంతుక్కూర్చొని గొడుగు పట్టుకున్నాడు, ఎండ దాని మీద పడకుండా.

మీరు మా వైపు వాళ్ళయితే ఇందులో వింతేమీ కనపడదు. మేము ఏది వేడెక్కినా తడిగుడ్డే చుడతాం. నీళ్ళ సీసాకు చుడతాం. కుండకు చుడతాం. వెనకటి జీపుల్లో పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టి కొండలెక్కించేవాళ్ళు. కాలే వస్తువును చూస్తూ ఊరుకోవడం మా దగ్గర మర్యాద కాదు. కాకపోతే మా ఊళ్ళో ఆ నీళ్ళలో ఉప్పు ఉండదు.

ముడి విప్పాను. తెర రెండుసార్లు మిణుకుమంది, ఆరిపోయింది. ఉప్పునీళ్ళూ కరెంటూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో నాలుగేళ్ళు చదువుకున్నవాణ్ణి. బ్యాటరీ లాగేశాను, కార్డు తీశాను, తలకిందులుగా పట్టుకున్నాను. లెన్సు దగ్గరనుంచి నీటిచుక్కలు కారాయి.

"ఏం చేసినారు ఇది?" అన్నాను.

"కాలిపోతాండె గదప్పా. చెయ్యి పెడితే సుర్రుమన్నాది. చల్లబడతాదని చుట్టినా. బాగా పిండే చుట్టినా."

ఆ 'పిండే చుట్టినా' అన్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. నాకేదో మేలు చేశానన్న గర్వం. ఆ క్షణంలో నేను దాన్ని వినలేదు.

"ఎవరు చెప్పినారు మిమ్మల్ని ముట్టుకోమని? తెలిసీ తెలీకుండా చెయ్యి పెట్టేదేనా? పొండి, పోయి దూరంగా కూర్చోండి!"

ఇరవై మంది ముందు అన్నాను. బ్యానరు మడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. మామ లేచి, తువ్వాలు చేతిలోనే పట్టుకొని, దిబ్బ చివరకు పోయి కూర్చున్నాడు. దాన్ని భుజాన వేసుకోవాలో, ఆరేయాలో, దాచాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

నా ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను. కొన్ని పేర్లు తప్పు రాశాను, ఒక పెళ్ళివారి బోటింగు మొత్తం ఫోకస్ లేకుండా తీశాను. అవన్నీ చెప్పుకొని నవ్వగలను. ఇది మాత్రం ఇప్పుడు రాస్తున్నా చెవులు వేడెక్కుతున్నాయి.

అత్త వచ్చింది. కెమెరావైపు చూసింది.

"పోయిందా?"

"పోయింది."

"మిషను పోతే ఇంగొగటి వస్తాదప్పా. మనిషిని అట్లంటావేం? ఆయప్ప గొడుగు పట్టి పెండ్లాన్ని గూడా ఎప్పుడూ కూర్చోబెట్టలేదు."

 "పడవ పంపించి డ్రమ్ములోంచి ఫోను తెప్పిస్తానత్తా" అన్నాను. పడవాయన తల అడ్డంగా ఊపాడు. పోయి రావడానికే అరగంట. ఆ అరగంటే మిగిలింది.

అత్త నీళ్ళవైపు చూసింది, మామవైపు చూసింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, చీర కుచ్చిళ్ళు వెనక్కి తీసి గోచి పోసుకుంది, నాట్లు వేసేవాళ్ళలాగా.

"ఫోటో లేదని నీళ్ళు ఎండిపోతాయా ఏం? నేను దిగుతాండా."

నడుము లోతుకు పోయి ఆగింది. మెడ లోతుకు పోయి ఆగింది. ఒడ్డున ఎవరో "వద్దులే వదినా, వచ్చేయ్" అన్నారు. తర్వాత తల కనపడలేదు.

చేతిలో కెమెరా లేకపోతే నాకు తెలిసిన పని ఒక్కటే, లెక్కపెట్టడం. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర ఆమె తల పైకి వచ్చింది, అనుకున్నదానికంటే దూరంగా. మొహం మీద నీళ్ళు తుడుచుకోలేదు. కుడి బార వేసింది, ఎడమ బార వేసింది.

అది ఈత కొలనుల్లో నేర్పే ఈత కాదు. తల పైనే ఉంటుంది, చెయ్యి చెవి పక్కనుంచి పెద్దగా తిరిగి వచ్చి నీళ్ళను దగ్గరికి లాక్కుంటుంది. మొదటి పది బారలు చేతులు తడబడ్డాయి. పదిహేను దగ్గర కుదురుకున్నాయి. ఇరవై తర్వాత ఆమెకు వయసు లేదు. పడవాయన తెడ్డు వేయడం మరచిపోయి చూస్తున్నాడు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ముప్పై దగ్గర మామ లేచి నిలబడ్డాడు. నలభై దగ్గర నీళ్ళ అంచుకు వచ్చాడు. యాభై దగ్గర ఆయన ధోవతి మోకాళ్ళ దాకా తడిసింది, ఆయనకు తెలీదు.

అరవై నాలుగో బారకు ఆమె పసుపు బుంగను తాకింది. చెయ్యి పైకెత్తింది. ఒడ్డున అందరూ ఒక్కసారే అరిచారు. బ్యానరు ముందు ఏడుసార్లు తీసినా కుదరని అరుపు అది.

వచ్చేటప్పుడు నీరు ఎదురు, డెబ్బై ఒక్క బారలు. ఒడ్డు అందాక మోకాళ్ళ మీద కూర్చొని రొప్పింది. జుట్టు విడిపోయింది. మామ ఎదురుగా తువ్వాలు పట్టుకొని నిలబడ్డాడు.

ఆమె తలెత్తి చూసి అంది: "ఏమయ్యా, గొర్లు నీళ్ళు తాగినాయా?"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో ఆమె తల తుడిచాడు. అందరూ చూస్తుండగానే తుడిచాడు.

తిరిగివచ్చే పడవలో నేను మామ పక్కన కూర్చొని, "తప్పయింది మామా, అట్ల అనకూడదు" అన్నాను. "పోనీలేప్పా," అన్నాడు. ఆ వెంటనే భార్యతో మెల్లగా అన్నాడు: "మనవరాలికి ఇప్పుడు ఏం చూపిచ్చేదే?"

ఆమె నావైపు తిరిగి, "ఈ నీళ్ళు మోస్తాయప్పా. మా బాయి నీళ్ళు ఇట్ల మోసేవి కావు" అంది. ఆ తర్వాత చాలాసేపటికి, "నువ్వు చూసినావు గదా?" అంది.

"చూసినానత్తా."

"సాలు."

చాలదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

బెంగళూరులో బాగుచేసేవాడు కెమెరా విప్పి, లోపల పచ్చగా చిలుమెక్కిన బోర్డు చూపించి మూత పెట్టేశాడు. కార్డుకు మాత్రం ఏమీ కాలేదు. బ్యానరు వీడియోలు ఏడూ భద్రంగా ఉన్నాయి. డీలరుకు ఐదోది బాగా నచ్చింది.

ఆల్బములు పోస్టులో పంపడం మా పద్ధతి. వాళ్ళ ఆల్బము మాత్రం నేనే పట్టుకొని మడకశిర బస్సెక్కాను. ఎందుకంటే అందులో ముప్పై ఏడు అంశాలున్నాయి, ముప్పై ఎనిమిదోది లేదు.

ఇంటి ముందు చింతాకు దూస్తూ కూర్చుంది ఆ మనవరాలు. రెండు జడలు, కళ్ళద్దాలు. ఆల్బము తిరగేసింది. ప్రతి పేజీలో తాతను, అవ్వను, పైపుల బ్యానరును చూసింది. మూసింది.

"ఈత యాడ?" అంది.

అత్త లోపలనుంచి బయటికి రాలేదు. గడపకు అవతల గిన్నె చప్పుడు ఆగింది.

"ఫోటో లేదమ్మా. కెమెరా చెడిపోయింది. తప్పు నాదే. కానీ మీ అవ్వ ఈదింది, నేను చూసినా."

"ఫోటో ఉన్నా నేను నమ్మేదాన్ని కాదులే అన్నా," అంది ఆ పిల్ల తాపీగా. "మా స్కూల్లో ఒగడు వాళ్ళ నాయన పులి మీద కూర్చున్నట్ల ఫోటో తెచ్చినాడు. ఫోన్లోనే చేస్తారంట."

నా నాలుగేళ్ళ ఉద్యోగానికి అంత సూటిగా సెలవు చీటీ రాసినవాళ్ళు ఇంకొకరు లేరు.

"సరే, కాగితం ఇయ్యి," అన్నాను.

నోటు పుస్తకంలోంచి చించి ఇచ్చింది. దిబ్బ గీశాను. తాడు గీశాను. బుంగ గీశాను, పక్కన దూరం రాశాను, అంచనా యాభై మీటర్లు. పడవ ఎక్కడుందో, గాలి ఎటునుంచి ఎటో, వాళ్ళ తాత ఎక్కడ కూర్చున్నాడో గుర్తు పెట్టాను. మునిగి లేచింది ఏడు అంకెల్లో. పోయేటప్పుడు అరవై నాలుగు బారలు, వచ్చేటప్పుడు డెబ్బై ఒకటి.

ఆ పిల్ల కాగితం మీదికి వంగింది. "ఎందుకు ఎక్కువ వచ్చినాయి వచ్చేటప్పుడు?"

"నీరు ఎదురు. పోటు నీరు దిబ్బను చుట్టుకొని బుంగవైపే పారుతాండె."

"అలిసిపోయింటాది గూడా."

"అలిసిపోయింది. ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చున్నాది."

"మొదట్లో బాగా వేసిందా బారలు?"

"లేదు. పది దాకా తడబడింది. పదిహేను కాడ కుదిరింది."

కళ్ళద్దాలు పైకి తోసుకొని నన్ను చాలాసేపు చూసింది. "అబద్దం చెప్పేవాళ్ళు తడబడిందని చెప్పరు," అంది. కాగితం మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. తర్వాత లోపలికి తిరిగి పెద్దగా కేకేసింది: "అవ్వా! నాకూ నేర్పియ్!"

"యాడ నేర్పిచ్చేదే? నీళ్ళు యాడుండాయి?" అత్త గడప దగ్గరికి వచ్చింది.

"నీళ్ళు వచ్చినప్పుడు సూద్దాం. ముందు బారలు నేర్పియ్."

ఆ తర్వాత నాకు కంపెనీవాళ్ళు కొత్త కెమెరా ఇచ్చారు. కొత్త గుంపు, కొత్త జాబితా. రాయడానికి కూర్చుంటే మొదటి అంశం మళ్ళీ బ్యానరే. ఎవరి మాటను జాబితాలో ఎన్నో అంశంగా రాస్తున్నానో అప్పటినుంచి కనపడడం మొదలైంది, కనపడ్డాక ఆ పని ఎక్కువ రోజులు చేయలేకపోయాను. మానేసిన వారం నా సొంత పాత కెమెరా తీసుకొని మళ్ళీ ఆ ఊరికి పోయాను.

వాకిట్లో నవారు మంచం. దాని మీద ఆ పిల్ల బోర్లా పడుకొని ఉంది, నడుముకు పాత చీర కట్టి మంచానికి బిగించారు. అత్త ఎదుట కూర్చొని గడ్డం కింద చెయ్యి పెట్టింది. "తల ఎత్తు. మూతి నీళ్ళల్లో పెట్టాకు. చెయ్యి చెవి పక్కనుంచి రావల్ల." చుట్టూ ఎండిన నేల, దాని మీద గొర్రెల అడుగులు.

మామ నన్ను చూసి తువ్వాలు గబగబా వెనక దాచుకున్నాడు. "కెమెరా తెచ్చినావా? నేను దూరంగా కూర్చుంటాలే అల్లుడా."

"లేదు మామా, రా. పట్టుకో. వేడిగా ఉంటే చెప్పు."

ఆయన చేతులు ధోవతికి మూడుసార్లు తుడుచుకొని పట్టుకున్నాడు. ఎక్కడ నొక్కాలో చూపించాను. మంచం మీద ఆ పిల్ల బిగ్గరగా లెక్కపెడుతోంది. అరవై రెండు. అరవై మూడు. అరవై నాలుగు. చేతులు వాల్చేసి, చెంప నవారుకు ఆనించి అడిగింది:

"చేరినానా అవ్వా?"

"చేరినావు," అంది అత్త. "తిరిగి రావద్దా?"

ఆ పిల్ల నడుము ముడి విప్పుకొని, మంచం మీద ఇటునుంచి అటు తిరిగి పడుకుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.